జెండాలో నా నల్ల గౌను

నా మొగుడు మెరిలూస్ చేసిన నేరమల్లా పాఠం చెప్పడం. మన జెండాకు నీలం, ఎరుపు ఎలా వచ్చాయని బళ్లో ఒక పిల్ల అడిగింది. ఫ్రెంచి దొరల జెండాలోంచి మనవాళ్లు తెలుపును చించి పారేశారనీ, మిగిలిన రెండు ముక్కల్నీ కాథరీన్ అనే ఆవిడ కలిపి కుట్టిందనీ చెప్పాడు. హైతీలో ఇది తెలియని వాళ్లెవరు? కాకపోతే ఆ వారమే ప్రెసిడెంటు నీలం తీసేసి నలుపు పెట్టాడు. సాయంత్రానికల్లా ప్రెసిడెంటు మనుషులు, నల్లకళ్లద్దాల వాళ్లొచ్చి మా ఆయన్ని పట్టుకుపోయారు.

రోజూ జైలు గేటు దగ్గర చిక్కుడుగింజల అన్నం ఇచ్చి వచ్చేదాన్ని. గిన్నె ఖాళీగా తిరిగొచ్చేది. తింటున్నాడు కదా, బతికే ఉన్నాడనుకున్నాను.

శుక్రవారం ఆ నల్లకళ్లద్దాల వాళ్ల నాయకుడు ఫెర్డియస్ మా ఇంటికొచ్చాడు. "కుట్టుపని చేస్తావటగా. ఆదివారం చర్చి గంట కొట్టేలోపు నీ గుమ్మం మీద కొత్త జెండా ఉండాలి. అప్పుడు నీ మొగుడి సంగతి చూద్దాం" అన్నాడు.

మా జక్మెల్ ఊరంతా గాలించాను. ఎరుపు దొరికింది గానీ జానెడు నల్లగుడ్డ దొరకలేదు. నాకంటే ముందు భయపడ్డవాళ్లు కొనేశారు. మిగిలింది నా ఒంటి మీదున్నదే, ఫిబ్రవరిలో పోయిన అమ్మకు సంతాపంగా తొడుక్కున్న నల్ల గౌను.

"ఏడాది తిరక్కుండా విప్పేస్తావా? మీ అమ్మ ఊరుకుంటుందా, పిల్లా?" అంది పొరుగింటి ఎక్సిలియా.

"అమ్మ పోయింది. ఆయన ఇంకా పోలేదుగా, అక్కా."

పసుపు పూల గౌను తొడుక్కుని, నల్ల గౌను కత్తిరించాను. ఏళ్ల అలవాటు, చేతులు వాటంతటవే పైన ఒక రంగు, కింద ఒక రంగు కుట్టేశాయి.

"పడుకోబెట్టావేమే! కొత్తదానికి చారలు నిలువు. కర్ర పక్కన నలుపు" అని ఎక్సిలియా తల పట్టుకుంది.

అంతా విప్పి మళ్లీ కుట్టాను. ఎక్కడ ఊడిపోతుందోనని రెండు వరసలు వేసి, గుమ్మం మీద కట్టాను.

ఆదివారం గంటకు ముందే ఫెర్డియస్ వచ్చి చూశాడు. "కుట్టు గట్టిగా ఉంది."

"మరి ఆయన?"

"చూద్దాం అన్నాగా" అని వెళ్లిపోయాడు.

అతను సందు మలుపు తిరిగాడో లేదో, పొద్దున్నే జైలు నుంచి విడిచిపెట్టిన మంగలి సెనాటుస్ వచ్చి నా చేతిలో మెరిలూస్ కళ్లజోడు పెట్టాడు.

"గురువారమే, వదినా. నా పక్కనే."

"నిన్న కూడా గిన్నె ఖాళీగా వచ్చిందే."

"కాపలావాళ్లు తిన్నారు" అన్నాడు తల దించుకుని.

పూల గౌనులో నిలబడి ఉన్నాను. మొగుడు పోయి మూడు రోజులైంది, ఒంటి మీద నల్ల పోగు లేదు. నా మీద నాకే అసహ్యం వేసింది. స్టూలు ఎక్కి జెండా అందుకున్నాను.

"చంపేస్తారే నిన్ను" అంటూ ఎక్సిలియా నా కాళ్లు పట్టుకుంది.

నా కుట్టు నాకే లొంగలేదు, పళ్లతో కొరికి తెంపాను. నలుపు తలకు చుట్టుకున్నాను. ఎరుపు ముక్క గుమ్మంలో పడింది. దాన్ని దాటుకుని, ఆయన శవం అడగడానికి జైలుకు బయల్దేరాను.