హద్దూ ఊపిరి నింపిన టైర్లు

పొద్దున నమాజు కాగానే తూదా ఇంట్లో మొదటి సలాము దూలానికి వేలాడే మేకతోలు తిత్తికి. రెండోది పొయ్యి ముందు కూర్చున్న అమ్మకి. ఆ తర్వాతే టీ, రొట్టె, ఆలివ్ నూనె.

తిత్తిలో ఉన్నది తూదా నాన్న హద్దూ ఊపిరి. అట్లాస్ కొండల్లోని ఆ ఊళ్ళో ప్రతి ఇంటికీ అలాంటి తిత్తి ఒకటి ఉంటుంది. ప్రాణం ఇచ్చినవాడిది, ఆయనే తీసుకుంటాడు, అల్‌హమ్దులిల్లాహ్. ఊపిరి మాత్రం ఇంటివాళ్ళకి వదిలిపెడతాడు. ఎందుకని అడగడానికి మనమెవరం? హద్దూ మనిషి భారీ, ఊపిరీ భారీ. తిత్తి కుట్లు పిగిలిపోతాయేమో అన్నట్టు ఉబ్బి ఉండేది.

ఇక అసలు సంగతికి వస్తాను, కాస్త దగ్గరికి జరగండి. ఆ ఊరివాళ్ళు కొండ మీది మేత భూమిని వసంతమంతా మూసి ఉంచుతారు. గడ్డి గింజ రాల్చేదాకా ఒక్క గొర్రె అక్కడ కాలు పెట్టకూడదు. తెరిచే రోజున ఊరి పెద్ద చెయ్యి ఊపగానే ఇంటికొకరు కింది నుంచి బయల్దేరతారు. పైనున్న ఊటలో ఎవరి దుప్పటి అంచు ముందు తడిస్తే, ఊట పక్క చోటు ఆ వేసవికి వాళ్ళది.

పోయిన ఏడాది తూదా వాళ్ళకి మిగిలింది నీళ్ళకి ఆమడ దూరంలో ఉన్న ఎండుబండ. మందలో సగం దాహానికి పోయింది. చలికాలంలో నాన్నా పోయాడు, ఆయన వెనకే గాడిదా పోయింది. ఈసారి కూడా ఆ బండే దక్కితే ఇక మంద లేదు. పట్నంలో ఎవరింట్లోనో అంట్లు తోముకుంటూ బతకాలి.

"ఏమే తూదా, ఈసారి మీ అమ్మ వీపెక్కి వస్తావా?" అన్నాడు పక్కింటి బస్సూ, తన కంచరగాడిదకి గడ్డి వేస్తూ. రెండేళ్ళుగా ఊట వాడిదే.

"నీ గాడిద తోక పట్టుకుని వస్తాలే, బాబాయ్" అంది తూదా.

అని ఊరుకోలేదు. బడికి పోయే రోజుల్లో లోయ దారిలో సైకిలు మీద ఆమెని అందుకున్నవాడు లేడు. కాలో, గిట్టో, చక్రమో, పెద్దలకి పట్టింపు లేదని అడిగి తెలుసుకుంది. చలికాలమంతా నేసిన తివాచీని సైకిలుకి మారకంగా ఇవ్వడానికి భుజాన వేసుకుని, తిత్తిని చంకలో పెట్టుకుని అజిలాల్‌లో హమ్మూ సైకిళ్ళ కొట్టుకి వెళ్ళింది.

హమ్మూ ముందుగా వెనకా ముందూ స్ప్రింగులున్న సైకిలు చూపించాడు. తూదా ఎక్కి రెండు తొక్కులు తొక్కింది. "ఇది తల ఊపుతుందే గాని కదలదేం?"

"దిగేవాళ్ళకి అది. నువ్వు ఎక్కాలంటున్నావు కదా తల్లీ, ఇది చూడు. ముందు మాత్రమే స్ప్రింగు. వెనకంతా గట్టి ఇనుము. నీ కాలి బలం ఎక్కడా ఇంకిపోకుండా చక్రానికి పోతుంది."

"మరి కుదుపు?"

"టైరు మింగుతుంది. మామూలు వాటికంటే లావు ఇది. ఇంతకంటే లావువీ ఉన్నాయి, ఇసుకలో తిరిగేవాళ్ళకి. వాటితో కొండెక్కితే మీ నాన్నని నువ్వే త్వరగా కలుసుకుంటావు."

తూదా సన్న టైరునీ లావు టైరునీ మార్చి మార్చి నొక్కి చూసింది. "సన్నదాంట్లో మా నాన్న ఇమడడు. ఇరుకంటే ఆయనకి పడదు" అంది. "దారిలో ప్రతి రాయీ ఎరిగినవాడు, తోడు రావాలి."

హమ్మూ తిత్తి వైపు చూసి, గుండె మీద చెయ్యి వేసుకుని సలాము చెప్పాడు. "అయితే ఇదే తీసుకో. ఒక్క మాట విను. బొటనవేలితో నొక్కితే లోపలికి దిగాలి. గట్టిగా నింపకు."

విన్నదా? విన్నది. ఇంటికొచ్చాక తిత్తి మూతిని వాల్వుకి కట్టి, అమ్మ ఫాద్మా మోకాళ్ళ కింద నొక్కుతుంటే, కొంచెం కూడా మిగల్చడానికి ఇద్దరికీ మనసు రాలేదు. ఖాళీ ఇంట్లో ఆయన్ని ఒంటరిగా ఎలా వదిలిపెడతారు? అదీగాక ఆ ఊళ్ళో బండి చక్రమంటే రాయిలా ఉండాలి. హద్దూని మొత్తం కుక్కేశారు.

తెరిచే రోజు పెద్దాయన చెయ్యి ఊపాడు. మట్టిదారి ఉన్నంతసేపూ తూదా అందరికంటే ముందుంది. పలకరాళ్ళు జారే వాలు రాగానే సైకిలు బంతిలా ఎగిరింది. టైరు ఏ రాయినీ పట్టుకోదు. ఒకసారి జారింది. మళ్ళీ ఎక్కింది. ఈసారి సైకిలుతో సహా పక్కకి పడి మోచెయ్యి చీరుకుంది.

బస్సూ కంచరగాడిద మీద దాటిపోతూ, "నేల చల్లగా ఉందా, అమ్మాయ్?" అన్నాడు.

తూదా టైరుని బొటనవేలితో నొక్కింది. దిగలేదు. ఏం చెయ్యాలో తెలుసు. వదిలింది మళ్ళీ తిత్తిలోకి రాదనీ తెలుసు. పైకి చూసింది, బస్సూ వీపు చిన్నదవుతోంది. కింద అమ్మ మందని తోలుకుంటూ బయల్దేరి ఉంటుంది.

"బిస్మిల్లాహ్. ఏమనుకోకు నాన్నా" అని వాల్వు నొక్కింది.

మొదట, రోజూ నిద్ర లేవగానే ఆయన దగ్గే దగ్గు బయటికొచ్చింది. తర్వాత వాము వాసన. ఆ తర్వాత గొర్రెల్ని అదిలించే ఆ నాలుక చప్పుడు. పొద్దుటి గాలి వాటిని పోగుచేసుకుని వాలు వెంట పైకి తీసుకుపోయింది. తూదా కళ్ళు తుడుచుకుని వెనక టైరూ వదిలింది. వేలు దిగింది.

ఇప్పుడు టైరు రాళ్ళ మీద పరుచుకుంది, పిల్లవాడి తల మీద పెద్దవాళ్ళు అరచెయ్యి ఆనించినట్టు. ఒక్క పలకా జారలేదు. వాలు నిటారైన చోట దిగి ఇంకాస్త వదిలింది.

సగం దారిలో బస్సూ కనిపించాడు. కంచరగాడిద చెవులు నిక్కించి నిలబడిపోయింది. బతిమాలుతున్నాడు, తిడుతున్నాడు, తోక మెలిపెడుతున్నాడు. అది గాలిలోకి చూస్తూ తలాడిస్తోంది. తూదా ఆగలేదు. రొమ్ము మండుతున్నా ఆగలేదు. ఊట దగ్గర సైకిలు దిగి, వీపున కట్టుకున్న దుప్పటి విప్పి, అంచుని నీళ్ళలో ముంచి పట్టుకుంది.

చాలాసేపటికి బస్సూ వచ్చాడు, కళ్ళెం పట్టుకుని నడుచుకుంటూ.

"మీ నాన్న దారిలో తగిలాడు" అన్నాడు. "ఆయన మాట పూర్తయ్యేదాకా కదలనంది ఈ దొంగముండ. నాకు తెలియకుండా దీనికి అంజీర పళ్ళు పెట్టేవాడట."

"ఏమన్నాడు?"

"నాకేం చెబుతాడు? మాటలన్నీ దీంతోనే." బస్సూ దుప్పటి వంక చూసి, నిట్టూర్చి, తన దుప్పటిని ఆ కింది చదునులో పరిచాడు. "తడిసింది తడిసిందే. చోటు నీది."

మధ్యాహ్నానికి ఫాద్మా మందతో చేరుకుంది. ముందు నీళ్ళ వంక చూడలేదు. సైకిలు పక్కన కూర్చుని టైరు నొక్కింది.

"సగం కూడా లేడే."

"దారికి అంత పట్టింది, అమ్మా. ఆ వాలంతా ఉన్నాడు."

ఫాద్మా వాలు వైపు చూసింది. తర్వాత తలగుడ్డ సర్దుకుని, అటు తిరిగి బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఏమయ్యా," అని మొదలుపెట్టింది, "నల్ల మేక ఈనింది. రెండు పిల్లలు. ఒకదానికి నీ మొండితనమే."

ఆమె మోచేతుల సందులోంచి దూరి గొర్రెపిల్లలు ఊటలో మూతులు పెట్టాయి.