వరహాలప్ప వంతు

బస్సు వెళ్తోంది, కానీ లోపల సీట్లకు బదులు శాసనసభ బల్లలు వరసగా ఉన్నాయి, ప్రతి బల్లకూ ఒక మైకు, నేను మాత్రం అందరికన్నా ఎత్తున అధ్యక్షుల కుర్చీలో కూర్చుని ఉన్నాను, నా తలమీద కండక్టరు గంట తాడు వేలాడుతోంది. నన్నిక్కడ ఎవరు కూర్చోబెట్టారో అడుగుదామంటే ఎవరి ముఖమూ నిలకడగా లేదు. వెనక బల్ల దగ్గర ఒక చెయ్యి లేస్తుంది. ఆ చెయ్యి నాకు తెలుసు, గోళ్ల సందుల్లో అయోడిన్ మరక వదలని చెయ్యి, మా కుష్ఠు కాలనీలో అందరి పుళ్లకూ కట్లు కట్టిన చెయ్యి, మా దగ్గర ఆగకుండా పోయే బస్సులకు నడిరోడ్డు మీద అడ్డంగా లేచిన చెయ్యి. ఆ చేతిని చూసే జనం ఓట్లేసి ఆవిణ్ణి ఎమ్మెల్యేని చేశారు.

వరహాలప్ప, మా అందరికీ పెద్దక్క! మొన్న వానాకాలం సమావేశాల్లో, మా బస్టాపు గురించి మళ్లీ అడగడానికి ఇదే చెయ్యి ఎత్తి, వంతు రాకముందే బల్లమీదికి ఒరిగిపోయిన వరహాలప్ప. చితి దగ్గర నేనే ఉన్నాను కదా, మరి ఈవిడ ఇక్కడెలా ఉంది?

"అధ్యక్షా!" అంటుంది.

నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూస్తాను. ఎవరూ లేరు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి నన్ను "ఒలే నూకీ" అని తప్ప పిలవని మనిషి.

"అప్పా, నేను నూకరత్నాన్ని. నన్నేటి అలా పిలుస్తన్నావు?"

"సభలో పేరెట్టి పిలవకూడదు. ఏటి సెప్పినా అధ్యక్షులకే సెప్పాల."

"ఉప ఎన్నికలో నీ సీటుకి నన్ను నిలబడమని పార్టీవోళ్లంటన్నారప్పా. పొద్దున్నే వచ్చి మాట తీసుకుంటామన్నారు. నిన్నడక్కుండా ఏటి సెప్పను?"

కిటికీలోంచి మా కాలనీ గేటు వస్తుంది, వెనక్కి పోతుంది, కాసేపటికి మళ్లీ అదే గేటు వస్తుంది, ప్రతిసారీ అక్కడ మా అమ్మే నిలబడి ఉంటుంది, అయినా అది నాకు వింతగా అనిపించదు.

"ముందు నా వంతు రానియ్యండి అధ్యక్షా. కాలనీ కాడ బస్సు ఆగుతాదా, ఆగదా? తమరే సెప్పాల."

తమరు! నన్ను! ఆగుతాదప్పా, ఇప్పుడే ఆపేస్తాను అందామని నోరు తెరుస్తాను. కానీ నా నోట్లోంచి, ఏళ్ల తరబడి ఆవిడకు మంత్రులు ఇచ్చిన జవాబు నున్నగా బయటికి వస్తుంది.

"పరిశీలిస్తాం. కూర్చోండి."

కూర్చుంటుంది. కలెక్టరు కుర్చీ చూపించినా పని అయ్యేదాకా కూర్చోని మనిషి, నేనొక్క మాట అనగానే "సరే అధ్యక్షా" అని చెయ్యి దించి కూర్చుంటుంది. "కూర్చోకప్పా, లెగు!" అని అరుస్తూ గంట తాడు లాగబోతే నా చెయ్యి లేవదు, గేటు దగ్గర అమ్మ దాటిపోతోంది, చెయ్యి లేవదు.

హారన్ మోతకు మెలకువ వచ్చింది. తెల్లవారుతోంది. మొదటి బస్సు కాలనీ గేటు దగ్గర వేగమైనా తగ్గించకుండా పోయింది. నా కుడిచెయ్యి నిజంగానే లేవలేదు. గిల్లాను, తెలియలేదు. గోరు దిగేలా మళ్లీ గిల్లాను, అయినా తెలియలేదు. మా కాలనీలో పుట్టినవాళ్లకు అది చిన్న సంగతి కాదు. మా అమ్మకు జబ్బు మొదలైంది అలాగే.

"ఏటయిందే?" పక్క మంచం మీంచి అమ్మ అడిగింది.

"చెయ్యి మొద్దుబారిందమ్మా."

అమ్మ చటుక్కున లేచి వచ్చి, వేళ్లు లేని అరచేతుల మధ్య నా చెయ్యి పెట్టుకుంది. "తిమ్మిరేనా? సెప్పే, తిమ్మిరేనా?"

"పరిశీ..." అని నాలుక చివరిదాకా వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో, హడలిపోయి మింగేశాను.

అప్పుడు చీమలు పాకినట్టు వేళ్లు జివ్వుమన్నాయి.

"తిమ్మిరేనమ్మా. పోతంది" అన్నాను, ఆ చేతిని ఇంకా నమ్మలేకపోతూనే పైకెత్తి చూపిస్తూ.