తాడు మీద లేని గుర్తు

"నా గరిటె మళ్ళీ తాడుకి కట్టీసేవేటే? పప్పు దేంతో తిప్పమంటావు, సేత్తోనా?" వంటింట్లోంచి మా అత్తగారు గురువమ్మ మూడోసారి అడిగారు.

"కొత్తది కొన్నాను కదా అత్తయ్యా."

"కొత్తది నా సేతికి రాదు. ఇది ఇల్లో, పాత సామాన్ల కొట్టో!"

ఆ తాడు హాలు గోడకి నడుమెత్తున కట్టి ఉంటుంది. మా హాసినికి పదకొండేళ్ళు. మాటలు రాలేదు. బొమ్మ చూపించినా అదేమిటో తెలియదు. చేతికి తగిలిందే తెలుస్తుంది. ఊళ్ళో ఇలాంటి పిల్లల కేంద్రం నడిపే బిందుమాధవి టీచరు చెప్పింది: ఏ పనికైనా ముందు ఒక వస్తువు చేతిలో పెట్టండి, ఎప్పుడూ అదే వస్తువు. ఆ వస్తువులే తాడుకి వేలాడేవి. గరిటె అంటే అన్నం. సబ్బు పెట్టె అంటే స్నానం. బెల్లం గుడ్డ అంటే నాన్న. మా ఆయన త్రినాధరావు బెల్లం మార్కెట్లో దిమ్మలు తూకం వేస్తారు, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తారు. ఆయన చేతులు తుడుచుకునే గుడ్డ అది. ఎనిమిది నెలలు, పూటపూటా, గరిటె దాని చేతిలో పెట్టాను. ఒక మధ్యాహ్నం తనే వెళ్ళి గరిటె తీసి నా ఒళ్ళో పడేసింది. నా కూతురు నాతో ఆకలేస్తోందని చెప్పడం అదే మొదలు.

పోయిన నెల అత్తగారు బెల్లం గుడ్డ మాసిపోయిందని సబ్బుపెట్టి ఉతికేశారు. హాసిని దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, విసిరికొట్టి ఏడ్చింది. నాన్న వచ్చి నిలబడినా గుమ్మం దాకా వెళ్ళలేదు. "ఓలమ్మ! గుంట నాన్నని ఉతికీసేనేటే!" అంటూ అత్తగారు బెల్లం ముక్క తెచ్చి, కూర్చుని గుడ్డంతా రుద్దారు.

కేంద్రంలో మధ్యాహ్నం పిల్లలకి నేర్పడానికి పన్నెండు నుంచి నాలుగు దాకా రాగలవా అని టీచరు అడిగింది. హాసిని వెళ్ళేది ఉదయం పూట. నిన్న చెబితే ఆయన నవ్వారు. "నువ్వెల్తే గుంటకి అన్నం ఎవులెడతారు? ఇంట్లో కాళీగా ఉండి సుకపడలేవేటి?"

పొద్దున్న తాడు తుడుస్తుంటే ఆ 'కాళీ' చెవిలోనే ఉంది. ఆయన రావడానికి గుడ్డ ఉంది, అత్తగారు బజారుకి వెళ్ళడానికి సంచి ఉంది. అమ్మ వెళ్ళిందని చెప్పే వస్తువే లేదు. పదకొండేళ్ళలో దాని అవసరం ఎవరికీ రాలేదు. నాకు కూడా.

ఆదివారం కదా, అందరూ భోజనానికి కూర్చున్నారు. నా గొడుగుని తొడుగులోంచి తీసి, ఆ తొడుగుని హాసిని చేతికిచ్చి, ఇద్దరం కలిసి తాడుకి కట్టాం.

"రేపట్నుంచి నేను కేంద్రానికి వెళ్తున్నాను," అన్నాను. "గొడుగు నాతో వస్తుంది, తొడుగు దీని దగ్గరుంటుంది. గొడుగొచ్చి తొడుగులో దూరితే అమ్మ వచ్చినట్టు."

 అత్తగారు లేచి ఎడం చేత్తో తొడుగుని తడిమారు.

"దీన్ని ఉతకనులే," అన్నారు.

"మరి అన్నం?" అన్నారాయన.

నేను తాడు మీంచి గరిటె తీసి ఆయన చేతిలో పెట్టాను.

"హాసినికి ఎనిమిది నెలలు పట్టింది. మీరూ నిదానంగానే నేర్చుకోండి."