ఊరికే పడి ఉన్న గిటారు

“ఊరికే పడి ఉందిగా, వాడికిచ్చేద్దాం,” అన్నాడు భర్త. ఆమె అప్పుడు అతని చొక్కాకి గుండీ కుడుతోంది. దేని గురించి అంటున్నాడో అర్థం కావడానికి క్షణం పట్టింది. ఆ ఇంట్లో ఊరికే పడి ఉన్నవి చాలానే ఉన్నాయి మరి. మామగారు నాలుగు రోజులు తొక్కి వదిలేసిన వ్యాయామం సైకిలు ఉంది, ఆడపడుచు తర్వాత తీసుకెళ్తానన్న కుట్టుమిషను ఉంది. వాటిని ఎవరికైనా ఇచ్చేద్దామని ఎవరూ ఎప్పుడూ అనలేదు. అతను అంటున్నది ఆమె గిటారు గురించి. మరిది ముగ్గురు స్నేహితులతో కొత్తగా బ్యాండు పెట్టాడు, శనివారం మొదటి ప్రోగ్రాం, తన గిటారేమో కిందపడేసి దాని మెడ విరగ్గొట్టాడు. “పికప్‌లు పాతబడిపోయాయి కదా, మంచివి చూసి మార్చు. వాడికి సరిపోతుంది,” అని, చొక్కా తొడుక్కుని, గుండీ గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూసుకుని వెళ్ళిపోయాడు. ఆమెను అడగాలన్న ఆలోచన అతనికి వచ్చి, వద్దనుకుని ఉంటే కనీసం కోపం తెచ్చుకోవచ్చు. అసలు రానేలేదు.

ఆ గిటారు ఆమె పెళ్ళికి ముందు ఒక ఆఫీసులో ఫోన్లెత్తే ఉద్యోగం చేస్తూ కొనుక్కున్నది. సాయంత్రాలు ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి వాయించేది. గిటార్లు బాగుచేసే అబ్బాయి సంబంధం వచ్చిందంటే, ఇంక నాకేం తక్కువ అనుకుంది, పిచ్చిది. పెళ్ళయిన రెండో వారంలో గదిలో యాంప్లిఫయరుకి తగిలించి వాయిస్తుంటే అత్తగారు వచ్చి, “బాగుందమ్మా, ఇక ఆపెయ్, మీ మామగారికి తల తిరుగుతోందట,” అంది. ఆ తర్వాత యాంప్లిఫయరు భర్త గిటార్ల రిపేరు కొట్టుకి చేరింది, కస్టమర్ల పనికి. ఎలక్ట్రిక్ గిటారుని యాంప్లిఫయరు లేకుండా మీటితే దోమ పాడినంత వినిపిస్తుంది. ఆమె పదకొండేళ్ళుగా అలాగే వాయించుకుంటోంది, మధ్యాహ్నం అందరూ పడుకున్నాక, చెవి చెక్కకి ఆనించి. దాన్నే వాళ్ళు ఊరికే పడి ఉండడం అంటున్నారు.

కొట్టులో పని కూడా అలాగే మొదలైంది. “నీ వేళ్ళు సన్నవి, సన్నపని నీకు బాగా కుదురుతుంది,” అని భర్త ఒకరోజు వైర్లు అతికించే సోల్డరింగ్ ఐరన్ చేతిలో పెట్టాడు. ఆరు నెలల్లో వెనక గదిలో బల్ల ఆమెదైంది, ముందు గదిలో కుర్చీ అతనిదైంది. పొద్దున్నే వంట చేసి, అత్తగారి మోకాలికి మందు రాసి, బట్టలు ఆరేసి, పదింటికి వెనక తలుపులోంచి కొట్టులోకి వస్తుంది. ముందు గదిలో కస్టమరు తన గిటారు రోగం చెబుతాడు. భర్త మొహం గంభీరంగా పెట్టుకుని విని, “ఒక్క నిమిషం,” అని వెనక్కి వస్తాడు. ఆమె చెప్పింది విని, ముందుకెళ్ళి, అదే మాట గొంతు సవరించుకుని చెబుతాడు. వాళ్ళు మాస్టారూ అంటారు. “మా ఆవిడకి చెవి ఉంది, నాకు నోరుంది, కొట్టు నడిచిపోతోంది,” అని చుట్టాల దగ్గర జోకు వేస్తే అందరూ నవ్వుతారు. ఆమె కూడా నవ్వేది. మామగారైతే, కోడలు కాలక్షేపానికి కాసేపు కొట్టులో కూర్చుంటుంది అని చెప్పుకునేవాడు. అంత కాలక్షేపం చేసి ఇంటికెళ్ళేసరికి సింకు నిండా గిన్నెలు ఆమె కోసం కాలక్షేపం చేస్తూ ఉండేవి.

మరుసటిరోజు పికప్‌లు ఎంచడానికి కూర్చుంది. పికప్ అంటే తీగల కింద ఉండే చిన్న అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకకంటే సన్నని రాగితీగ వేల చుట్లు. పైన గిటారు తీగ కదిలితే ఆ కదలిక కరెంటై యాంప్లిఫయరుకి వెళ్తుంది. ఈ గిటారుకి రెండు ఉంటాయి, మెడ దగ్గర ఒకటి, కింద తీగలు ఆనే బ్రిడ్జి దగ్గర ఒకటి. మరిదికి ఫోన్ చేసి ఎలాంటి సౌండు కావాలని అడిగింది. “నీకెందుకులే వదినా, అన్నయ్యకి చెప్పాను. గట్టిగా ఉండాలి, అంతే,” అన్నాడు. అన్నయ్యకి చెబితే అన్నయ్య ఎవరికి చెబుతాడో అతనికి తెలియదనుకోవాలో, తెలిసీ అలా అన్నాడనుకోవాలో. గట్టిగా ఉన్నదల్లా బాగుండదని, మెడ దగ్గర తీగ ఎక్కువ ఊగుతుంది కాబట్టి అక్కడ నెమ్మదైనది చాలని, మరీ బలమైన అయస్కాంతం పెడితే అది తీగనే పట్టి గుంజుతుందని చెప్పబోయింది. అప్పటికే ఫోన్ పెట్టేశాడు.

అలమారాలో ఉన్న పికప్‌ల డబ్బాలన్నీ దించి, ఒక్కొక్కటీ మీటరుతో చూసింది. మెడ దగ్గరికి ఒక కంపెనీది ఎంచింది, గొంతు బొంగురుగా, వెచ్చగా ఉంటుంది. బ్రిడ్జి దగ్గరికి ఇంకో కంపెనీది, చుట్లు కాస్త ఎక్కువ, పదునుగా పలుకుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాక గాని తెలియలేదు, తను మరిది చేతికి కాకుండా తన చేతికి ఎంచుతోందని. ఇన్నేళ్ళూ ఎంతమంది గిటార్లకో ఎంచింది, ఒక్కసారీ తనకేం కావాలో వేళ్ళు వాటంతటవే వెతకలేదు. ఒళ్ళు మండింది. అయినా వాటినే ఉంచింది.

రెండు కంపెనీలవి కలిపినప్పుడు ఒక చిక్కుంది. ఒక్కో పికప్ నుంచి తెల్ల వైరు, నల్ల వైరు వస్తాయి. ఒక కంపెనీకి తెల్లది ముఖ్యమైతే ఇంకోదానికి నల్లది కావచ్చు. రంగు చూసి కలిపేస్తే, విడివిడిగా రెండూ బాగానే పలుకుతాయి, రెండూ కలిపి స్విచ్ మధ్యలో పెడితే ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుని గొంతు పీలగా అయిపోతుంది. అందుకే ఆమె పాత ముల్లు మీటరు తగిలించి, అయస్కాంతం మీద స్క్రూడ్రైవరు ఆనించి తీసి, ముల్లు ఎటు దూకిందో చూసింది. బ్రిడ్జిది తిరగబడి ఉంది. చీటీ మీద ‘దీనికి నలుపు, తెలుపు తారుమారు చేయాలి’ అని రాసి దాని కిందే పెట్టింది. గిటారు తీగలు సడలించి, పై ప్లేటు విప్పి, పాత పికప్‌లు తీసి, రేపు అతికించడమే తరువాయి అనుకుని, సాయంత్రం వంటకి వెళ్ళింది.

గురువారం ఆమె వచ్చేసరికి ఆమె స్టూలు మీద భర్త కూర్చుని ఉన్నాడు. మరిది తన బ్యాండు వాళ్ళని తీసుకొచ్చాడు. “మా అన్నయ్య చేతిపని చూడండ్రా,” అంటున్నాడు. ఆమె బల్ల దగ్గరికి వెళ్ళి చీటీ చూపించి, బ్రిడ్జిది చూసి కలపమని మెల్లగా చెప్పింది. భర్త చీటీని రెండు వేళ్ళతో పక్కకి జరిపి, “రంగులు నాకు తెలియవా? నువ్వు అందరికీ టీ పెట్టు,” అన్నాడు. ఆమె టీ పెట్టింది. కప్పులు పంచుతుంటే అతను ఐరన్ పట్టుకున్న తీరు కనిపించింది, ఏళ్ళుగా ముట్టుకోనివాడి తీరు. తెల్లవి రెండూ ఒక చోట, నల్లవి రెండూ ఒక చోట అతికించి, ప్లేటు బిగించి, తీగలు లాగి, శ్రుతి చేసి మరిదికి ఇచ్చాడు.

మరిది మీటాడు. మెడది బాగుంది. బ్రిడ్జిది బాగుంది. స్విచ్ మధ్యకి జరిపాడు. జలుబు చేసి ముక్కు మూసుకుపోయిన మనిషి పాడినట్టు వచ్చింది. వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. మరిది మళ్ళీ మీటి, “ఇదేంటన్నయ్యా?” అన్నాడు. భర్త యాంప్లిఫయరు మీటలన్నీ అటూ ఇటూ తిప్పాడు, వైరు మార్చాడు, ఆ తర్వాత ఆమె వైపు చూశాడు. గడ్డం కొంచెం పైకెత్తి చూసే ఆ చూపు ఆమెకి బాగా తెలుసు. పదకొండేళ్ళుగా ఆ చూపు పడడం తరువాయి, ఆమె ఏదో సాకు మీద గిటారు వెనక గదిలోకి తీసుకెళ్ళి, సరిచేసి, అతని పరువు అతని చేతిలో పెట్టేది. రెండు వైర్లు విప్పి అటుదిటు మారిస్తే చాలు, ఒక కప్పు టీ చల్లారేంతలో అయిపోతుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె ఖాళీ కప్పులు ఏరడం మొదలుపెట్టింది.

“ముందే అనుకున్నాను,” అన్నాడు భర్త అందరూ వినేలా. “ఎంచింది మీ వదినే. రెండు కంపెనీలవి కలిపితే ఇలాగే ఏడుస్తుంది. ఆడవాళ్ళకి అప్పజెబితే మనదే తప్పు.” కుర్రాళ్ళు నవ్వారు. మరిది గిటారు బల్ల మీద పెట్టేసి, అద్దెకి ఇంకోటి తెచ్చుకుంటానని, “నీ గిటారు నువ్వే పెట్టుకో వదినా,” అని వెళ్ళిపోయాడు.

దక్కింది. ఆ రోజంతా ఆమె ఆ మాటే అనుకుంది. కూరగాయలు తరుగుతూ, అత్తగారి మోకాలు రుద్దుతూ, ఇస్త్రీ చేస్తూ, నోరు మెదపకుండా దక్కించుకున్నానని లోలోపల నవ్వుకుంది. సాయంత్రానికి ఆ నవ్వు చేదెక్కింది. నా వస్తువుని నేనే దొంగలా దాచుకోవడం ఏమిటి? ఇది పాడై ఉన్నంతకాలమే నాది. బాగుచేసిన మరుక్షణం మళ్ళీ వాళ్ళది అవుతుంది, అంటే ఇంకో పదకొండేళ్ళు చెవి చెక్కకి ఆనించుకుని, దాని రెండు గొంతులూ కలవకుండా చూసుకుంటూ బతకాలి. ఇది నాది, ఇవ్వను అని ఉంటే మూడే మాటలు. ఆ మూడు మాటలకి భయపడి, చేతకానిదాన్నని నలుగురిలో అనిపించుకోవడానికి ఒప్పుకున్నాను. పైగా దాన్ని గెలుపనుకున్నాను. ఆమెకి భర్త మీదకంటే తన మీదే అసహ్యం వేసింది.

శుక్రవారం పొద్దున ముందు గదిలో ఇద్దరు కస్టమర్లు ఉన్నారు, భర్త వాళ్ళకి ఏదో వివరిస్తున్నాడు. ఆమె గిటారు బల్ల మీద పడుకోబెట్టి, ప్లేటు విప్పి, రెండు అతుకులు కరిగించి వైర్లు మార్చింది. తీగలు బిగించింది. టెస్ట్ చేయడానికి నాలుగు స్వరాలు చాలని భర్త నియమం, కస్టమర్లకి చిరాకు కలగకుండా. ఆమె తలుపు బార్లా తెరిచి, యాంప్లిఫయరుకి తగిలించి, మీట సగానికి పైగా తిప్పి, స్విచ్ మధ్యలో పెట్టి వాయించింది. రెండూ కలిసి నిండుగా పలికాయి. గది గోడలకి తగిలించిన గిటార్లన్నీ గుయ్యిమన్నాయి. వేళ్ళు కొన్ని చోట్ల తడబడ్డాయి, ఆపలేదు. పాట మొత్తం వాయించింది. కస్టమర్లలో ఒకతను గుమ్మందాకా వచ్చి తొంగి చూశాడు.

అతని వెనకే భర్త వచ్చాడు. ముందు మొహంలో కోపం ఉంది, తర్వాత శబ్దం అర్థమై కళ్ళు చీటీ కోసం వెతికాయి, ఆ తర్వాత వ్యాపారపు నవ్వు వచ్చింది. “చూశారా, కాస్త సెట్టవ్వడానికి ఒక రోజు పడుతుందంతే,” అని కస్టమరుతో అంటూనే ఫోన్ తీశాడు. “ఒరేయ్, గిటారు బ్రహ్మాండంగా అయింది. అద్దెది వద్దని చెప్పి, వచ్చి తీసుకెళ్ళు.”

ఆమె తీగల మీద అరచెయ్యి ఆనించి శబ్దం ఆపింది. అందరికీ వినిపించేలా, కస్టమరుకి కూడా, అంది.

“రమ్మనండి. కానీ ఇది నాది, ఇవ్వను. కావాలంటే కూర్చుని వింటాడు.”