గవర్నరు సంతకం

వాసంతి టీచరుకు ఆ తాళం చూస్తేనే ఒళ్లు మండేది. ఎల్బీనగర్‌లో ఆమె సోషల్ చెప్పే ప్రైవేటు బడిలో, భోజనాలయ్యాక ఆడపిల్లల బాత్‌రూమ్‌కు తాళం పడేది. ట్యాంకర్ నీళ్లు అయిపోతున్నాయని కరెస్పాండెంట్ సిద్ధిరాములు సార్ హుకుం. సాయంత్రం దాకా పిల్లలు బిగబట్టుకుని కూర్చోవాల్సిందే. పదో తరగతి జ్యోతిక మూత్రంలో మంటతో దవాఖాన చుట్టూ తిరిగింది. టీచరు ఎన్నిసార్లు మొత్తుకున్నా సార్ చెవిన పెట్టలేదు.

అందుకే, తల్లిదండ్రుల ముందు పిల్లలతో మాదిరి శాసనసభ నడిపించమని సార్ అనగానే వాసంతి కావాలనే మాంట్సెరాట్‌ను ఎంచుకుంది. కరీబియన్ సముద్రంలో చిన్న దీవి అది. సభను జనమే ఎన్నుకుంటారు, ప్రీమియర్ ఆ సభలోంచే వస్తారు. గవర్నరు మాత్రం బ్రిటన్ పెట్టిన మనిషి. బిల్లు చట్టం కావాలంటే ఆయన సంతకం కావాలి. ఆ వేషం సార్‌కిస్తే పొంగిపోతాడు, నలుగురిలో కాదనలేడు. ఇదీ ఆమె ఎత్తు.

సార్ నిజంగానే సూటు వేసుకొచ్చాడు. ప్రీమియర్ జ్యోతిక లేచి, బడి జరిగినంతసేపూ బాత్‌రూమ్ తెరిచే ఉంచాలని బిల్లు పెట్టింది. ప్రతిపక్షం కూడా చేతులెత్తింది. తల్లులు చప్పట్లు కొట్టారు. కాగితం గవర్నరు ముందుకొచ్చింది. సార్ తీరిగ్గా చదివి, పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

"సంతకం పెట్టకుండ ఉండే అధికారం గవర్నర్‌కు ఉంటది. మీ టీచరే చెప్పింది గద బిడ్డా."

హాలంతా నవ్వింది. చప్పట్లు కొట్టిన తల్లులే మళ్లీ కొట్టారు, సార్ భలే నటించాడట. వాసంతికి ఏడుపొక్కటే తక్కువ. ఆ పాఠం చెప్పింది తనే, ఏమని ఎదురు చెబుతుంది?

తల్లిదండ్రులొచ్చారని ఆ రోజు బాత్‌రూమ్ తెరిచే ఉంచారు. వాళ్లు గేటు దాటారో లేదో ఆయా అండాలమ్మ తాళం పట్టుకొచ్చింది. ఇంకా రెండు పీరియడ్లున్నాయి.

జ్యోతిక టీచరు దగ్గరికొచ్చింది. "టీచర్, ఆ దీవిల గవర్నర్ నిజంగ గిట్లనే చేస్తే ఆళ్లు ఎవరికి చెప్పుకుంటరు?"

లండన్‌కు మొరపెట్టుకోవచ్చంది వాసంతి.

"మరి మనం?"

ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో వాసంతికి తెలుసు. ఇస్తే రేపటినుంచి ఈ బడిలో తనకు చోటుండదనీ తెలుసు. ఆ పిల్ల కళ్లలోకి చూడలేకపోయింది.

"బెల్లు కొట్టిన్రు," అంది. "క్లాసుకు పో బిడ్డా."