మొదలగు గ్రామాలు

నేను ఒక కత్తెరని. కంగారుపడకండి, మీ జుట్టు జోలికి రాను. జానెడు పొడుగు, నల్లటి పిడి, ఒక రింగు కాస్త వంకర. నన్ను కొట్టిన కమ్మరి ఆ పొద్దున్న పెళ్ళాంతో దెబ్బలాడి వచ్చేడు, నా మీద ఒక సుత్తి దెబ్బ ఎక్కువ పడింది. మనుషులకి ఎదురు చెప్పలేని చోట కోపం వస్తే ఇనుముండేది అందుకేగా!

మొదట మస్తాను అనే దర్జీ దగ్గర చేరేను. మూడుసార్లు కొలిస్తేగాని ఒక్క కోత కోసేవాడు కాదు. ఆయనకి చూపు మందగించేక చేతులు మారి మారి, కోనసీమలో సాయంకాలం పూట అచ్చయ్యే ఒక పేపరు ఆఫీసులో తేలేను. పేపరు పేరు చెప్పను. ఎంతైనా పన్నెండేళ్ళు వాళ్ళ మైదాపిండి జిగురు తిన్నదాన్ని.

అప్పట్లో సీసం అక్షరాలు చేత్తో పేర్చేవారు. ఏ వార్త ఎంత ఉండాలో తేల్చేది సోమయాజులు గారు. సన్నగా, పొడుగ్గా, ముక్కుపొడి మరకలతో ఉండేవాడు. సర్కారు ప్రకటన వస్తే చాలు, స్కేలు పెట్టి కొలిచి, జాగా చాలకపోతే నన్ను తీసి కిందనుంచి కోసేసేవాడు. అది ఆ ఆఫీసులో ఆచారం. "గవర్నమెంటు కాగితానికి తోక ఎంత కోసినా తలకాయ బతికే ఉంటుందోయ్" అనేవాడు. అందరూ నవ్వేవారు. నేనూ కరకరమని నవ్వేదాన్ని.

ఒక బుధవారం మధ్యాన్నం కరెంటాఫీసు నుంచి ఒక ప్రకటన వచ్చింది, సోమయాజులు గారు పైకి చదివేరు. గురువారం పొద్దున్న ఆరింటి నుంచి కొత్త లైనులో కరెంటు వదుల్తారు, తీగలు ముట్టుకోవద్దు, పక్కన చెట్లు ఎక్కొద్దు. కింద పద్నాలుగు ఊళ్ళ పేర్లు అక్షరాల వరసలో. అన్నిటికన్నా చివర సన్నాయిలంక.

అదే పేజీలో ఓనరు పెద్దిరాజు గారి బావమరిది సైకిల్ షాపు ప్రారంభం ఉంది. "దాన్ని ఒక్క గీత కూడా తగ్గించడానికి లేదు సోమయాజులూ, ఇంట్లో నాకు అన్నం దొరకదు" అన్నాడు పెద్దిరాజు గారు.

పదో ఊరి దగ్గర జాగా అయిపోయింది. నన్ను తీసేరు. నాలుగు పేర్లు పట్టీలాగా తెగి బల్ల మీద పడ్డాయి. పైముక్క చివర సోమయాజులు గారు పెన్నుతో "మొదలగు గ్రామాలు" అని రాసేరు. నాకేం తెలుసు, ఎంత మెత్తగా తెగిందో అనుకున్నాను.

సోమవారం ఒకావిడ వచ్చింది. మరిడమ్మట. సన్నాయిలంక. ఆవిడ మొగుడు తాతారావు కొబ్బరి చెట్లెక్కి కాయల దింపు తీసే మనిషి. చంకలోంచి మన పేపరు తీసి బల్ల మీద పరిచింది.

"కొత్త తీగలు మా తోటల్లోంచే ఎళ్ళేయండి. కరెంటు ఎప్పుడొదుల్తారో అని మా ఆయన రోజూ టీ కొట్టుకాడికెళ్ళి మీ పేపరు చూసేవోడు. ఇది మూడుసార్లు చదివేడు. ఏలెట్టి ఎతికేడు. మనూరు లేదే, ఇంకా టైముందని గురువారం చెట్టెక్కేడు. నరికిన పచ్చి మట్ట చేతిలో ఉండగానే తీగకి తగిలింది."

"ప్రాణం?" అన్నారు సోమయాజులు గారు.

"ప్రాణం ఉందండి. కుడిచెయ్యి తీసేసేరు."

పెద్దిరాజు గారు గదిలోంచి వచ్చేడు. "మొదలగు అని వేశాం కదమ్మా. అంటే మీ ఊరూ వచ్చినట్టే."

మరిడమ్మ ఆయన కేసి చూసింది. "ఎక్కడండి? మేం అందులో ఎక్కడున్నాం? చూపించండి."

ఆయన చెయ్యి జేబులోకి పోయింది.

"నేను డబ్బులకి రాలేదండి. కరెంటాఫీసోళ్ళేమో పేపరుకిచ్చేం, చదూకోవద్దా అంటన్నారు. ఊళ్ళోవాళ్ళు చదువొచ్చిన ఎర్రోడంటన్నారు. ఆయన ఆసుపత్రిలో గోడ కేసి తిరిగి పడుకుంటన్నాడు. నేనే సరిగ్గా చూళ్ళేదేమోనే అంటన్నాడు. ఆయన సరిగ్గానే చదివేడని రాయండి. అంతే."

సోమయాజులు గారు వంగి, బల్ల కింద చిత్తు బుట్ట మొత్తం నేల మీద గుమ్మరించేరు. నాలుగు ఊళ్ళ పట్టీ దొరికింది. జిగురంటుకుని ముడతలు పడి ఉంది.

"అది పొయ్యిలో పడెయ్" అన్నాడు పెద్దిరాజు గారు గుమ్మంలోంచి, మెల్లిగా. "తప్పు చేశామని మనమే వేసుకుంటే రేపు పేపరెవడు కొంటాడయ్యా?"

"కొనడం సంగతి తర్వాతండి. మన పేపరు చూసుకుని జనం చెట్లెక్కుతున్నారండీ."

పెద్దిరాజు గారు మరిడమ్మ కేసి చూసేడు, పట్టీ కేసి చూసేడు. లోపలికెళ్ళి, మర్నాటి పేజీకి పెట్టుకున్న బావమరిది సైకిల్ షాపు బొమ్మ అచ్చు బ్లాకు తెచ్చి సోమయాజులు గారి చేతిలో పెట్టేడు. "ఇది తీసెయ్. ఆ జాగాలో వెయ్" అన్నాడు. ఆయన ఆ రోజు ఇంట్లో అన్నం తిన్నాడో లేదో నాకు తెలీదు.

మంగళవారం మొదటి పేజీలో ప్రకటన మొత్తం వచ్చింది, పద్నాలుగు ఊళ్ళతో. కింద నాలుగు లైన్లు: "ఇది కిందటి బుధవారం మేము కోసి వేసితిమి. సన్నాయిలంక వాసి తాతారావు సరిగానే చదివినాడు. తప్పు మాది." సోమయాజులు గారు తన పేరు కూడా వేసుకున్నారు.

ఆ తర్వాత సర్కారు ప్రకటన వస్తే ఆయన నన్ను సొరుగులో పెట్టి తాళం వేసేవారు. తాళం చెవి అక్షరాలు పేర్చే కంపోజిటరుకిచ్చి "నేనడిగినా ఇవ్వకు" అనేవారు. వయసు మీద పడి ఇప్పుడు నేను కాగితమే తెంపలేను. ఎవరైనా చేతిలోకి తీసుకుంటే భయం వేస్తుంది, నాకు. కోసేది నేనే, కాని ఏం కోస్తున్నానో చదవలేను కదా.

ఆ పేపరు మరిడమ్మే ఆసుపత్రికి పట్టుకెళ్ళిందట. ఆవిడకి చదువు రాదు. తాతారావు ఎడంచేత్తో పేపరు పొట్ట మీద పెట్టుకుని ఊళ్ళన్నీ ఒక్కొక్కటే పైకి చదివేడట, పక్క మంచాల వాళ్ళు వినేలాగా. ఆఖరి పేరు దగ్గర ఆగేడట.

"ఇదుగోనే మరిడీ, ఉంది. ఆ రోజు లేదు" అన్నాడట.