బొడ్రాయికి బిందెడు నీళ్లు

మా ఆయన వెంకటేశ్వర్లుకు పెళ్లాం మాట తప్ప అన్నీ వినబడతాయి. సూర్యాపేట కలెక్టరాఫీసులో బంట్రోతు దగ్గినా, ఫైలు కదిలిందని ఆయనకు తెలిసిపోతుంది. మా గూడెం వేరే పంచాయతీ కావాలని ఆ ఆఫీసు మెట్లు ఎక్కినన్నిసార్లు గుడి మెట్లు ఎక్కి ఉంటే, దేవుడే విసుగొచ్చి కిందికి దిగేవాడు.

మాది కోదాడ అవతల, జిల్లాకు చిట్టచివరి గూడెం. కాలువకు ఇటు మేము, అటు పెద్దూరు. పంచాయతీ ఆఫీసు, నీళ్ల ట్యాంకు, రేషన్ షాపు అన్నీ అటే. ఇటు దోమలు. విడిపోవాలన్న కోరికలో తప్పేమీ లేదు. విడిపోయాం, మా ఆయన సర్పంచి అయ్యాడు. అప్పటిదాకా పెద్దూరు చేసిన అన్యాయంగా ఉన్న దోమలు, ఆ మర్నాటి నుంచి స్వపరిపాలనలో కుట్టసాగాయి.

ముందు ట్యాంకు కట్టించమన్నాను. ఆయన ముందు పెద్దూరి ట్యాంకు నుంచి వచ్చే పైపు కోయించాడు.

"ఆళ్ల నీళ్లు తాగి ఆళ్ల ముందు తలెట్ల ఎత్తుతం?"

"ఎత్తుడు తర్వాత. ముందు తల కడుక్కోవద్దా?"

"కోదాడ నుంచి ట్యాంకరొస్తది తియ్."

ఇక బొడ్రాయి. నడిబొడ్డున ఆ రాయి పాతనిదే ఊరు ఊరు కాదు. ప్రతిష్ఠ నాడు ఊరి చుట్టూ పొలి, అంటే బలి అన్నం చల్లి పొలిమేర కట్టేస్తారు. పూజ అయ్యేదాకా బయటివాళ్లు లోపలికి రారాదు, లోపలివాళ్లు గీత దాటరాదు. ఊరి ఆడబిడ్డలందరినీ పిలిచి, చీరలు పెట్టి, రాయికి వాళ్ల చేత నీళ్లు పోయిస్తారు. మిర్యాలగూడ నుంచి చీరల మూటలొచ్చాయి. మా ఆయన పిలవని ఆడబిడ్డ ఒక్కతే, సొంత అక్క రాధమ్మ. ఆమెను ఇచ్చింది పెద్దూరికి. ఆమె భర్త జవహర్ అక్కడి సర్పంచి, విడిపోవద్దని కేసు వేసినవాడు.

"అది ఇప్పుడు పరాయి ఊరి మనిషి," అన్నాడు మా ఆయన.

"నిన్ను సంకనేసుకుని ఈ కాలువ గట్టున తిప్పింది పరాయి మనిషేనా?"

సర్పంచులు ప్రశ్నలు స్వీకరించరని అప్పుడే తెలిసింది.

ఫోన్లో రాధమ్మ వదిన ఒకటే మాట అంది. "చీర కోసం కాదు శ్రీలతా. నా తల్లిగారి ఊరి రాయికి నేను నీళ్లు పొయ్యొద్దా? పిలువకపోతే నాకిగ తల్లిగారూరు లేనట్టే గద."

ప్రతిష్ఠ నాడు మా ఆయన ఉత్సాహం ఆగక తెల్లారకముందే పొలి చల్లించాడు. ట్యాంకరు ఆ తర్వాత వచ్చింది. బయటి బండి! కాలువ మీది కల్వర్టు అవతలే ఆగిపోయింది. ఎండాకాలం, కాలువ ఎండింది, బోర్లు గాలి కక్కుతున్నాయి. ఆడబిడ్డలందరూ కొత్త చీరల్లో ఖాళీ బిందెలు పట్టుకుని వరుసగా నిలబడ్డారు.

"మంచిగనే ఉంది సర్పంచూ," అంది ముసలి నర్సమ్మ, "రాయి మీద ఉమ్మాల్నా?"

అప్పుడే కల్వర్టు అవతల రాధమ్మ వదిన కనిపించింది, నెత్తిన నిండు బిందెతో. సరిగ్గా అదే సమయానికి ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. నేను ఫోను కొంగు చాటున దాచుకున్నాను.

"ఊరి ఆడబిడ్డకు పొలిమేర అడ్డం కాదు. కానీ పిలవాలి," అన్నాడు పంతులు.

అందరూ మా ఆయన వైపు తిరిగారు. ఆయన గీత దగ్గరికి నడిచి, చెప్పులకు చెబుతున్నట్టు గొణిగాడు. "రా అక్కా."

వదిన కదలలేదు. "ఇనబడ్తలేదు తమ్మీ. పరాయి ఊర్ల ఉన్న గద, దూరం."

"మైకు తెచ్చియ్యాల్నా?" అంది నర్సమ్మ.

మా ఆయన తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. వదిన నెత్తిన బిందె వణుకుతోంది, నీళ్లు చెంపల మీదుగా కారుతున్నాయి. అవి బిందెవో కావో ఆయన చూశాడు.

"తప్పు నాదే అక్కా!" ఈసారి అవతలి గట్టు దాకా వినబడింది. "పైపు కోసుడు తప్పు, నిన్ను పిలువకపోవుడు ఇంకా పెద్ద తప్పు. నీ ఊరే ఇది, రా!"